ఆరో గుంట వాకిట్లో ముగ్గు

గోల్ఫు ఆడటం నాకు రాదు. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇందుకూరుపేట నుంచి మైపాడు దాకా నన్నెరిగినవాళ్ళలో సగం మంది నేనొక పెద్ద గోల్ఫు ఆటగాణ్నని నమ్ముతారు. నమ్మించింది నేనే అనుకోండి. నాకు వచ్చింది ఆట కాదు, ఆట రూళ్ళు. అందులోనూ అందరికీ తెలిసినవి కావు. బంతి గుంట దగ్గరికి చేరాక ఎవడూ ఊహించనిది జరిగితే ఏం చెయ్యాలో చెప్పే రూళ్ళు.

ఇది పంతొమ్మిదివందల అరవై దాటిన తొలి సంవత్సరాల మాట. అప్పుడు నేనొక అభ్రకం కంపెనీలో గోదాము గుమాస్తాని. గనులు పైన మెట్టలో ఉన్నా, సరుకు పెట్టెలకెక్కి ఉప్పుకాలువ మీద పడవల్లో మద్రాసు పోయేది కాబట్టి గోదాము సముద్రం పక్కన ఉండేది. కాలువకూ సముద్రానికీ మధ్య ఇసకపర్ర, సరుగుడు తోపు. తెల్లదొరలు ఉన్న రోజుల్లో ఆ ఇసకలో ఆరు గుంటలు తవ్వి, ఆరు జెండాలు పాతి, దానికి క్లబ్బు అని పేరు పెట్టుకున్నారు. దొరలు పోయారు. గుంటలు మిగిలాయి. గుంటలుంటే ఆడాలి గదా అని మన ఆఫీసర్లు మొదలుపెట్టారు.

ఈ ఆటలో గుంట చుట్టూ పచ్చికను నున్నగా కత్తిరించి ఉంచుతారు, దాన్ని గ్రీను అంటారు. మా ఉప్పుగాలికి పచ్చిక ఎక్కడ బతుకుతుంది? అందుకని గుంట చుట్టూ గుండ్రంగా ఇసక పరిచి, కంపెనీ లారీల్లోంచి తీసిన పాత ఇంజను నూనె పోసి, తొక్కి, ఊడ్చి ఉంచేవాళ్ళు. దాన్ని బ్రౌను అనేవాళ్ళు. పేరుకే బ్రౌను, చూస్తే నలుపు. పొద్దున్నే ఊడ్చిన బ్రౌను పేడతో చిక్కగా అలికిన వాకిలిలా ఉండేది. ఈ పోలిక నాకు అప్పట్లో తట్టలేదు. తట్టినవాళ్ళు వేరే ఉన్నారు, వస్తాను ఆ సంగతికి.

చివరి తెల్ల మేనేజరు ఓడెక్కే ముందు తన వస్తువులు పంచిపెట్టాడు. ఒకడికి తుపాకీ వచ్చింది, ఒకడికి కుక్క వచ్చింది, నాకు రూళ్ళ పుస్తకం వచ్చింది. కుక్క దొరికినవాడి అదృష్టమే అదృష్టమని అప్పుడు కుళ్ళుకున్నాను. కానీ పడవలు రాని మధ్యాహ్నాలు గోదాములో పెట్టెల మీద పడుకుని చదివేకొద్దీ ఆ పుస్తకం నన్ను పట్టేసింది. ఆగి ఉన్న బంతిని కాకి ఎత్తుకుపోతే ఏమిటి? గాలికి కదిలితే ఏమిటి? గుంట అంచున వేలాడుతూ పడనా వద్దా అంటుంటే ఎంతసేపు చూడవచ్చు? ఇన్ని అనర్థాలు ముందే ఊహించి పెట్టినవాడు ఏ దేశస్థుడైనా సరే, పల్లెటూళ్ళో పెద్ద కుటుంబంలో పుట్టి ఉంటాడని నా అనుమానం.

క్లబ్బులో ఇంకెవరూ ఆ పుస్తకం జోలికి పోలేదు కాబట్టి తగువొచ్చినప్పుడల్లా గోదాముకు కబురొచ్చేది. నేను వెళ్ళి, కళ్ళు మూసుకుని, కాసేపు గాలి పీల్చి, తీర్పు చెప్పేవాణ్ని. ఒకసారి మూడో గుంట దగ్గర ఒక ఎండ్రకాయ ఆగి ఉన్న బంతిని దొర్లించుకుపోయి గుంటలో పడేసింది. పడేసి ఊరుకుందా, అంచు మీదికెక్కి మా అందరి మొహాలూ చూసింది, చప్పట్లు కొట్టరేమా అని. నిలిచిన బంతిని బయటి ప్రాణి కదిలిస్తే దాన్ని మళ్ళీ మొదటి చోటే పెట్టాలి, ఎవరికీ తప్పు లేదు అని తీర్పు చెప్పాను. ఎండ్రకాయకు కోపమొచ్చి మూడు రోజులు ఆ బ్రౌను మీదికి రాలేదు.

నవ్వులకేం గానీ, ఆ పుస్తకం మీద నాకు ఒక గౌరవం ఏర్పడింది. దానితోపాటు ఒక దిగులు కూడా. ఏదైనా తేడా జరిగితే అది మొట్టమొదట అడిగేది ఏం జరిగిందని కాదు, ఎవరు చేశారని. లోకాన్ని అది నాలుగు ముక్కలు చేస్తుంది. ఆడేవాడు ఒకడు, అతని తాలూకు మనుషులు కొందరు, బయటివాళ్ళు, ఆ తర్వాత నేల. ఈ నాలుగింటిలో నువ్వు ఎందులో ఉన్నావో తేలితే చాలు, నీ పనికి వెల కట్టేస్తుంది. చదువుతున్నప్పుడు ఇది బలే తేలిక అనిపించేది. ఒక మనిషి దగ్గరికి వచ్చేసరికి ఎంత కష్టమో ఒక ఏడు ధనుర్మాసంలో తెలిసింది.

ఆరు బ్రౌనుల్నీ ఊడ్చే మనిషి ఒకామె ఉండేది. యాభై ఏళ్ళుంటాయి. కాలువ అవతలి పల్లె. మొగుడు ఉబ్బసం మనిషి, కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. తెల్లవారకముందే బల్లకట్టు మీద కాలువ దాటి వచ్చి, ఈనె చీపురుతో ఊడ్చి, పీచుపట్ట లాగి బ్రౌనుల్ని నున్నగా చేసేది. దానికి క్లబ్బు ఆమెకు జీతమంటూ ఇవ్వలేదు. బదులుగా తోపులో రాలిన సరుగుడాకు ఊడ్చుకుపోనిచ్చేది. సరుగుడాకు పొయ్యిలోకి, కుమ్మరి ఆవంలోకి, ఇటికెల బట్టీలోకి ప్రాణం లాంటిది, అగ్గిపుల్ల చూపిస్తే చాలు. చుట్టుపక్కల తోపులన్నిటిలోనూ ఆకు ఊడ్చే హక్కును వేలంపాట పెట్టేవాళ్ళు. ఈ ఒక్క తోపు మాత్రం ఆమెది. ఆ మోపులమ్మితేనే వాళ్ళ ఇంట్లో పొయ్యి వెలిగేది.

ఆ ఆకు మీద ఇంకొకరికీ కన్నుండేది. మా క్లబ్బు మెంబరు, బియ్యం మిల్లు యజమాని. మనిషి సరదా మనిషే, మిల్లు పక్కన కొత్తగా ఇటికెల బట్టీ పెట్టాడు. కనిపించినప్పుడల్లా మా మేనేజరుగారి దగ్గర ఎత్తేవాడు.

"ఊడ్చేదానికి మనిషిని నేను పెడతా గదా సార్. ఆకు నాకిచ్చెయ్యండి. ఆ ముసల్దానికెందుకు తోపంతా?"

మేనేజరుగారు క్లబ్బుకు సెక్రెటరీ కూడా. ఔననేవారు కాదు, కాదనేవారూ కాదు. ఆ ఏడాదంతా ఆయన దేనికీ ఔను, కాదు అనలేదు. అంతకుముందు ఏడు కార్తీకంలో ఆయన భార్య పోయింది. పిల్లల్లేరు. బంగళాలో ఆయన, ఒక వంటమనిషి.

ఏటా ధనుర్మాసంలో ఒక పందెం ఉండేది, మా కంపెనీకీ కాలువల ఇంజనీరు జట్టుకూ. ఒక కప్పు కూడా ఉంది, చెవి ఊడిపోయిన కప్పు. ఆ ఏడు మా తరఫున మేనేజరుగారు, వాళ్ళ తరఫున ఇంజనీరుగారు. అయిదు గుంటలయ్యేసరికి ఇద్దరూ సమానం. ఆరో గుంట బంగళాకు ఎదురుగా ఉంటుంది. బంతులు రెండూ బ్రౌను మీదికి చేరాయి. వెనకాల నేను, మిల్లు యజమాని, ఇంకా పదిమంది. అందరం దగ్గరికెళ్ళి ఒక్కసారిగా ఆగిపోయాం.

నల్లటి బ్రౌను మీద, గుంటకు బంగళా వైపున, తెల్లగా ముగ్గు. పెద్దది. చుక్కలు పెట్టి, మెలికలు తిప్పి, నాలుగు పక్కలా పద్మాలు దిద్ది, నడుమ నుంచి రెండు గీతలు నేరుగా గుంట అంచు దాకా, గడపకు తీర్చినట్టు.

మిల్లు యజమాని గబుక్కున బూట్లు విప్పేశాడు. ఆయన వెనక ఇంకో ఇద్దరు విప్పారు. విప్పాక ఎందుకు విప్పామా అని ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఎవరింటి పెండ్లికొచ్చినాం మనం?" అన్నాడు మిల్లు యజమాని. "తాంబూలాలు యాడ?"

ఇంజనీరుగారి బంతి సముద్రం వైపున, శుభ్రమైన చోట ఉంది. ఆయన నెమ్మదిగా గురి చూసి గుంటలో వేసేశాడు. ఇక మేనేజరుగారిది. ఆయన బంతి ముగ్గుకు అటు కొసన ఉంది, పద్మం రేకు మీద. ఈ దెబ్బకు గుంటలో పడితే సమానం, సమానమైతే పోయినేడు గెలిచిన మాకే కప్పు. పడకపోతే వాళ్ళది.

ఆయన పీచుపట్ట తెప్పించి చేతిలోకి తీసుకున్నారు, ముగ్గు చెరిపేద్దామని. ఇంజనీరుగారు కర్ర అడ్డం పెట్టారు.

"ఆగండి సార్. బ్రౌను మీద బంతికి దారి చూపించే గుర్తు ఏదీ పెట్టకూడదు గదా? మీవాళ్ళు పెట్టినారే! రెండు గీతలు, రైలు పట్టాల మాదిరి. ఇంక గుడ్డోడు కొట్టినా పడద్ది."

"నేను పెట్టించలేదండీ," అన్నారు మేనేజరుగారు.

"మీరు పెట్టించకపోయినా మీ మనిషి పెట్టింది. మీ మనిషి తప్పు మీ తప్పే. ఈ గుంట మాది." అని నా వైపు తిరిగి, "ఏమయ్యా గుమాస్తా, నీ పుస్తకం ఏమంటది? నిజం చెప్పు, ఎండ్రకాయ కథలొద్దు" అన్నారు.

కళ్ళు మూసుకుని గాలి పీల్చే తీరిక లేదు. నాకు రూలు తెలుసు. గుర్తు పెట్టకూడదన్నది ఆడేవాడికీ, అతని జతగాడికీ, కర్రలు మోసేవాడికీ. ఊడ్చే మనిషి ఆ ముగ్గురిలో ఎవరూ కాదు. అంటే బయటి మనిషి. బయటి మనిషి వేసిన పిండిని పక్కకు తుడిచేసి ఆడుకోవచ్చు, ఎవరికీ తప్పు లేదు. ఇంత చక్కని తీర్పు నా జన్మలో చెప్పలేదు. గొంతు సవరించుకుని చెప్పాను.

"ఆమె బయటి మనిషండీ. క్లబ్బుకూ ఆమెకూ సంబంధం లేదు."

మా జట్టు చప్పట్లు కొట్టింది. ఇంజనీరుగారు కూడా న్యాయంగానే తలూపారు. నేను ఇంకా ఆ చప్పట్లలోనే ఉన్నాను, మిల్లు యజమాని నా భుజం మీద చెయ్యేశాడు.

"బంగారం లాంటి మాట చెప్పినావు అబ్బయ్యా. విన్నారు గదా సార్, క్లబ్బుకూ ఆమెకూ సంబంధం లేదంట. సంబంధం లేని మనిషికి తోపులో ఏం పని? రేపట్నుంచి నా బండి తోలిస్తా ఆకుకి."

చప్పట్లు కొట్టిన చేతులే మళ్ళీ కొట్టాయి. అప్పుడు చూశాను ఆమెను. తోపు అంచున మోపు కట్టుకుంటూ, ఇటే చూస్తూ నిలబడి ఉంది. అంతా విన్నది.

బంతికి మేలు చేసిన మాట మనిషికి కీడు చేసింది. రూలు తప్పు కాదు, ఇప్పటికీ నేనదే అంటాను. పుస్తకం వేసే ప్రశ్నకు అదే జవాబు. కానీ పుస్తకం ఆ ప్రశ్న బంతి కోసం వేసింది, ఆకు కోసం కాదు. మనం ఒకచోట తీర్చిన లెక్కను ఇంకొకచోటికి మోసుకుపోయి అక్కడ కూడా సరిపోయిందంటాం. అందులో లాభమున్నవాడు ముందుగా అంటాడు.

మేనేజరుగారు ఆమెను పిలిచారు. చీపురు చంకలో పెట్టుకుని వచ్చి, బ్రౌను బయటే నిలబడింది.

"ఎందుకేశావమ్మా ఇది? ఇక్కడ ఆట ఆడతారని తెలీదా?"

"తెలుసు దొరా."

"మరి?"

ఆమె చీపురు ఈ చంకలోంచి ఆ చంకలోకి మార్చుకుంది. మిల్లు యజమాని "చెప్పు, చెప్పు, భయమెందుకు" అన్నాడు, భయపెట్టే గొంతుతో.

"నాలుగేండ్ల నుంచి రోజూ ఊడస్తా ఉండా దొరా. ఇంత నున్నగా ఊడ్చి ముగ్గు లేకుండా వదిలిపెడితే చూసేదానికి చావింటి వాకిలి మాదిరి ఉంటది. మొదట్లో మనసుకి బాధగా ఉండేది. దొరల ఆట గదా, మనకెందుకులే అనుకునేదాన్ని." ఆగింది. బంగళా వైపు చూసింది. "అమ్మగారు ఉన్నప్పుడు నేను చీపురెత్తుకుని ఇట్టా వచ్చే ఏళకి ఆమె అక్కడ ముగ్గేస్తా ఉండేది. పనోళ్ళుండినా ఆమే ఏసుకునేది. పోయినేడు లేదు, సరే, ఏడాది గడవాల. మొన్న కార్తీకంలో సంవత్సరీకం అయిపోయె. సంక్రాంతి నెల పట్టినారు గదా, ఏస్తారేమో, ఎవురన్నా ఏస్తారేమో అని రోజూ చూస్తా ఉండా. ఎవురూ ఎయ్యలా. ఆడదిక్కు లేని ఇల్లు, ఎవురేస్తారు? బంగళా గేటు లోపలికి నేను రాకూడదు గదా. నా చేతిలో ఉండే వాకిలి ఇదొకటే. ఇట్నుంచి చూస్తే గేటుకి ఎదురు. అందుకని ఏసినా."

గాలికి జెండా కొట్టుకుంటోంది.

"అమ్మగారంత బాగా రాదులే నాకు," అన్నది.

మేనేజరుగారు పీచుపట్టను కింద పెట్టలేదు, ముగ్గు మీదికీ తీసుకుపోలేదు. అలాగే పట్టుకుని నన్ను అడిగారు. "బయటి మనిషైతేనే గదా తుడిచేది?"

"ఔనండీ."

"మా మనిషంటే?"

ఇంజనీరుగారు జవాబిచ్చారు. "మీ మనిషంటే దారి చూపించింది మీ మనిషి. గుంట మాదే, కప్పు మాదే. నేనేం కఠినంగా మాట్లాడటం లేదు సార్, రెండింట్లో ఒకటి మీరే చెప్పండి."

అప్పుడు నాకొక సంగతి గుర్తొచ్చింది. క్లబ్బు కావాలనుకుంటే తన ఆటస్థలంలో ఉన్నదేదైనా, గోడగానీ గట్టుగానీ, నేలలో భాగమేనని ప్రకటించుకోవచ్చు. నేలలో భాగమైనదాన్ని తుడవరు, జరపరు, ఎవరి తప్పు అనీ అడగరు. బంతి ఎలా ఉంటే అలా కొట్టాలి. పుస్తకంలో మనుషుల మాట లేదు నిజమే. మనుషులు కూడదనీ లేదు.

"మూడోది కూడా ఉందండీ," అన్నాను. "ఈమె నేలలో భాగం. గాలి లాగా, ఇసక లాగా. రోజూ ఊడుస్తుంది, ఒకరోజు ముగ్గేస్తుంది. అలాంటప్పుడు ముగ్గు చెరపడానికి లేదు. సార్ దాని మీద నుంచే కొట్టాలి. ఆమె మాత్రం ఎక్కడికీ పోదు. నేలను ఎవరూ తోపులోంచి వెళ్ళగొట్టలేరు గదా."

"ఇది ఏ పేజీలో ఉంది?" అన్నారు ఇంజనీరుగారు. ఆయన పెదవి చివర నవ్వుంది.

"సెక్రెటరీ గారు ఔనంటే రేపు క్లబ్బు రూళ్ళ బోర్డు మీద ఉంటుందండీ."

మిల్లు యజమాని లబలబలాడాడు. "సార్, వీడి మాటలినబాకండి. ఆ పిండిలో పడితే బంతి కదులుద్దా? సగం బియ్యప్పిండి, చీమలు కూడా పట్టినాయి చూడండి. శుభ్రంగా తుడుచుకుని కొట్టండి, కప్పు మనది!"

అది నిజం. తుడిచి కొడితే చిన్న పిల్లాడు కూడా వేసే దెబ్బ. మేనేజరుగారు ఒకసారి మిల్లు యజమానినీ, ఒకసారి ముగ్గునూ చూశారు. పీచుపట్ట పక్కన పడేశారు. బూట్లు విప్పి, గీతలు తొక్కకుండా పద్మాల మధ్య ఖాళీల్లో మునివేళ్ళ మీద నడిచి, బంతి దగ్గరికెళ్ళారు. ఏడాదిలో ఆయన ఒక నిర్ణయం చెయ్యడం అదే మొదటిసారి చూశాను. నోటితో మాత్రం ఏమీ అనలేదు.

కొట్టారు. బంతి రేకులు దాటింది, చుక్కల్లోంచి దొర్లింది, పోనుపోను పిండి పూసుకుని సున్నుండలా తయారైంది. గుంట అంచుకు వచ్చి ఆగింది. సగం లోపల, సగం బయట.

అలా ఆగినప్పుడు కాసేపు చూడవచ్చని రూలు. చూశాం. ఇంజనీరుగారు కూడా మోకాళ్ళ మీద వంగి చూశారు. ఆమె చీపురు గుండెలకు అదుముకుని "పడవే, పడవే తల్లీ" అంటోంది. ఇక్కడ ఆ బంతిని పడేయడం నాకు చిటికెలో పని. ఇన్నేళ్ళలో ఎన్నో సభల్లో పడేశాను కూడా. కానీ కాగితం మీద పెడుతున్నాను కాబట్టి చెబుతున్నాను, పడలేదు.

ఇంజనీరుగారు చెయ్యి కలిపి, చెవి లేని కప్పు తీసుకుని, "మీరు తుడిచుంటే ఓడిపోయేవాణ్ని" అన్నారు.

అందరూ పోయాక ఆమె మేనేజరుగారి మీద విరుచుకుపడింది. "ఎంత పని చేసినావు దొరా! పిండి మీద కొట్టినావెందుకు? తుడుచుకునుంటే ఏం పోయె, రేపు ఇంకోటి ఏసుండేదాన్ని గదా!"

"తుడిస్తే నువ్వు బయటి మనిషివి అయ్యేదానివి అవ్వా," అన్నాను నేను. "ఇప్పుడు నువ్వు ఈ నేలలో భాగం. బోర్డు మీద రాస్తాం."

"నేలలో భాగమా? అదేంది నాయనా, నేనింకా బతికే ఉండానే!"

మేనేజరుగారు నవ్వారు. పెద్దగా కాదు. "ఆకు నువ్వే ఊడ్చుకో, ఎప్పటిలాగే. ఇంకెవరికీ ఇవ్వను," అన్నారు. బూట్లు చేత్తో పట్టుకుని రెండడుగులు వేసి ఆగారు. "ముగ్గు మాత్రం ఇక్కడొద్దు. ఇక్కడ ఆడుకోవాలి గదా. రేపట్నుంచి గేటు తీసి ఉంచమంటాను. లోపలే వెయ్యి."

ఆమె మోపు మీద మోకాలు పెట్టి తాడు బిగించి, ముడేసి, నెత్తికెత్తుకుంది. ఎత్తుకున్నాక అన్నది.

"ఏస్తాలే దొరా. పిండి మాత్రం మీ ఇంట్లోది తీసిపెట్టమను. ఇది మా ఇంటి బియ్యం."